కృష్ణపట్నపు మందు: వైద్యనీతికి ఒక పరీక్ష

నెల్లూరు పట్టణమునకు తూర్పున, కండలేరు ఉప్పుటేరు బంగాళాఖాతములో కలియు చోట, కృష్ణపట్నమను గ్రామము కలదు. ముత్తుకూరు మండలములోని ఈ ఊరు చిరకాలముగా ఓడరేవునకు పేరుపొందినది. 2008 లో ఇచ్చట నవీనమైన రేవు ప్రారంభమైనది. అట్టి ఊరి పేరు 2021 మే నెలలో దేశమంతట మారుమ్రోగినది. అందుకు కారణము ఓడలు గాని సరకులు గాని కాదు, ఒక ఆకుమందు.

ఆ దినములు ఎట్టివో పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. కోవిడ్ రెండవ విజృంభణము దేశమును ముంచెత్తుచుండెను. ఆసుపత్రులలో పడకలు దొరకుట లేదు. మే 10 వ తేదీ రాత్రి తిరుపతిలోని రుయా ఆసుపత్రిలో ప్రాణవాయువు సరఫరాకు అంతరాయము కలిగి 11 మంది రోగులు మరణించిరి. టీకాలు వచ్చినవి గాని అందరికి చాలునన్ని లేవు. ఇట్టి సమయమున కృష్ణపట్నవాసి బొనిగి ఆనందయ్యగారు తాము తయారుచేసిన మందును కోవిడ్ రోగులకు ఉచితముగా పంచుచుండిరి. అందు తేనె, తాటిబెల్లము, అల్లము, మిరియములు, లవంగములు, నల్లజీలకర్ర, వేపాకు, మామిడాకు, ఉసిరిక, జిల్లేడు మొదలైనవి ఉన్నవని పత్రికలు వ్రాసినవి. పి, ఎఫ్, ఎల్, కె అను గుర్తులతో లోనికి తీసికొను మందులు కొన్ని. ప్రాణవాయువు తగ్గినవారికి కంటిలో వేయు చుక్కలు వేరొకటి.

కంటిలో చుక్కలు వేయగనే శ్వాస తేలికపడినదని కొందరు చెప్పిరి. ఆ మాటలు సెల్ ఫోనుల ద్వారా ఊరూర ప్రాకినవి. ఆంధ్రదేశము నలుమూలలనుండియు, పొరుగు రాష్ట్రములనుండియు జనులు బయలుదేరిరి. మే 21 వ తేదీన వేలాదిగా ప్రజలు కృష్ణపట్నమునకు చేరిరి. ఆసుపత్రి పడకలను విడిచి అంబులెన్సులలో వచ్చినవారును కలరు. జనసమ్మర్దము చేయి దాటిపోగా పంపిణీ నిలుపవలసి వచ్చెను. మందును పరీక్షింపవలసినదని రాష్ట్ర ప్రభుత్వము ఆదేశించెను.

"ఇది వైద్యమా, మూఢనమ్మకమా?" అను వాదము అప్పుడు ఇంటింట సాగినది. కాని ఆ ప్రశ్న అంత ఉపయోగకరమైనది కాదు. ఒక మందును మనిషికి ఇచ్చుటకు ముందు ఏమేమి తెలిసియుండవలెను? ఎవరు ఎవరికి చెప్పవలెను? కీడు కలిగినచో జవాబుదారి ఎవరు? ఇవి అసలు ప్రశ్నలు. వీనిని విచారించు శాస్త్రమునకే వైద్యనీతి, లేక జీవనీతి అని పేరు.

నాలుగు సూత్రములు

వైద్యునకు నీతి కావలెనను భావన ప్రాచీనమైనదే. గ్రీసు దేశమున హిప్పోక్రటీసు పేర ప్రసిద్ధమైన ప్రమాణమును, మన దేశమున చరకసంహితలోని శిష్యోపదేశమును ఇందుకు తార్కాణములు. అయినను రోగి హక్కులను గూర్చిన నేటి నియమములు పుస్తకములనుండి పుట్టలేదు. ఘోరమైన అనుభవములనుండి పుట్టినవి.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున జర్మనీలో నాజీ వైద్యులు ఖైదీలపై వారి సమ్మతి లేకుండ క్రూరమైన ప్రయోగములు జరిపిరి. ఆ వైద్యులను విచారించిన న్యాయస్థానము 1947 లో తన తీర్పునందు పది సూత్రములను పేర్కొన్నది. వానికి న్యూరెంబర్గు నియమావళియని పేరు. ప్రయోగమునకు లోనగు మనుష్యుని స్వచ్ఛంద సమ్మతి అత్యవసరమనునది అందు మొదటి సూత్రము. 1964 లో ప్రపంచ వైద్య సంఘము హెల్సింకీ ప్రకటనను ఆమోదించినది.

అమెరికాలోని టస్కెగీ ప్రాంతమున 1932 నుండి 1972 వరకు ఒక పరిశీలన సాగినది. సవాయి రోగమున్న 399 మంది నల్లజాతివారికి ఆ రోగము సంగతి సరిగా చెప్పక, పెనిసిలిన్ అందుబాటులోనికి వచ్చిన పిదపకూడ ఇయ్యక, రోగము ఎట్లు ముదురునో చూచుచు కూర్చుండిరి. ఈ సంగతి బయటపడిన పిమ్మట నియమింపబడిన సంఘము 1979 లో బెల్మాంట్ నివేదికను వెలువరించినది. అదే సంవత్సరము బోషాంప్, చైల్డ్రెస్ అను పండితులు తమ గ్రంథములో నాలుగు సూత్రములను ప్రతిపాదించిరి. రోగి తన దేహమును గూర్చి తానే నిర్ణయించుకొనుట మొదటిది. మేలు చేయుట రెండవది. కీడు చేయకుండుట మూడవది. మేలును భారమును అందరికి న్యాయముగా పంచుట నాలుగవది. మన దేశమున భారత వైద్య పరిశోధన మండలి 1980 లో మొదటిసారి ఇట్టి నియమములను ప్రకటించి, 2000, 2006, 2017 సంవత్సరములలో వానిని విస్తరించినది.

ఈ నాలుగు సూత్రములను కృష్ణపట్నమునకు అన్వయించి చూతము.

మేలు చేయవలెనను సంకల్పము అచ్చట లేదనుటకు వీలు లేదు. ఆనందయ్యగారు మందును ఉచితముగా ఇచ్చిరి. పెద్ద ఆసుపత్రులలో లక్షల రూపాయలు చెల్లింపలేని కుటుంబములకు అది చిన్న విషయము కాదు. న్యాయసూత్రమునకు వచ్చినచో, ఆ జనసమూహమే ప్రభుత్వ వైద్యవ్యవస్థపై ఒక విమర్శ. పడక దొరకినవాడు, ప్రాణవాయువు నిశ్చయముగా అందినవాడు అంబులెన్సులో వందల మైళ్ళు ప్రయాణము చేయడు. అట్లు వచ్చినవారిని అజ్ఞానులని పరిహసించుట సులభము. వారికి వేరు దారి చూపుట కష్టము.

ఇక కీడు సంగతి. మందు ఎట్టిదైనను, వ్యాధిగ్రస్తులు, ఆరోగ్యవంతులు వేలాదిగా ఒకచోట ఒరసికొని నిలుచుటయే కోవిడ్ వ్యాపించుటకు అనుకూలమైన స్థితి. ప్రాణవాయువు ధారపై ఆధారపడిన రోగి ఆ ధారను వదలి ప్రయాణము చేయుట ప్రాణాంతకము కావచ్చును. కంటి చుక్కల విషయము మరియు సున్నితమైనది. నోటితో తినునది జీర్ణకోశములోని ఆమ్లమును దాటి పోవలెను. కంటికి అట్టి రక్షణ లేదు. అందుచేతనే కంటిలో వేయు ఏ ద్రవమైనను సూక్ష్మజీవిరహితమై యుండవలెనని వైద్యశాస్త్రము విధించినది. ఇంటి ముంగిట పెద్ద పాత్రలలో తయారైన ద్రవమున కట్టి హామీ ఉండదు.

మిగిలినది రోగి నిర్ణయము. వచ్చినవారు తమ ఇష్టముననే వచ్చిరి కదాయని అనవచ్చును. కాని వైద్యనీతిలో సమ్మతి యనగా తల ఊపుట మాత్రము కాదు. ఏమి ఇచ్చుచున్నారు, దానివలన మేలు కలుగుటకు ఎంత అవకాశము, కీడునకు ఎంత అవకాశము, దానికి మారుగా వేరేమి కలదు అని తెలిసి ఒప్పుకొనుటయే సమ్మతి. కృష్ణపట్నమున ఈ వివరములను దాచినవారెవ్వరును లేరు. అసలా వివరములే ఎవరికిని తెలియవు. చిక్కంతయు ఇచ్చటనే ఉన్నది.

"మాకు నయమైనది" అను సాక్ష్యము

"మందు తిన్నాను, బ్రతికినాను" అని వందలమంది చెప్పుచుండగా వేరు ఆధారమెందుకు? ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి జవాబు కోవిడ్ స్వభావములోనే కలదు. ఈ వ్యాధి సోకినవారిలో అత్యధికులు ఏ ప్రత్యేక చికిత్సయు లేకుండగనే కోలుకొందురు. వెయ్యిమంది రోగులకు వట్టి మంచినీరే మందని చెప్పి ఇచ్చినను, అందు మిక్కిలి పెద్ద భాగము పది పదునైదు దినములలో లేచి తిరుగుదురు. వారందరును ఆ నీటికే కృతజ్ఞతలు చెప్పుదురు. కోలుకొననివారు సాక్ష్యము చెప్పుటకు రారు. కావున మనకు వినవచ్చు సాక్ష్యమంతయు ఒకే ప్రక్కనుండి వచ్చును.

కంటి చుక్కలు వేసిన వెంటనే వ్రేలికి తగిలించిన యంత్రములో ప్రాణవాయువు అంకె పెరిగినదను మాటయు ఇట్టిదే. కంటికి మంట పుట్టినప్పుడు మనిషి గట్టిగా ఊపిరి తీయును. చేయి కదలినచో ఆ యంత్రము అంకెయు మారును. అంకె కొన్ని నిమిషములు పెరుగుటకును, ఊపిరితిత్తులు బాగుపడుటకును చాల దూరము కలదు. ఆ చుక్కలలో గుణము లేదని దీని అర్థము కాదు. ఉన్నదో లేదో తెలిసికొనుటకు ఈ విధమైన పరిశీలన చాలదని మాత్రమే అర్థము.

మరి ఎట్లు తెలియును? ఒకే విధమైన రోగులను రెండు జట్లుగా, బొమ్మాబొరుసు వేసినట్లు యాదృచ్ఛికముగా విభజించి, ఒక జట్టునకు మందు నిచ్చి, రెండవ జట్టునకు అప్పటివరకు వాడుకలోనున్న చికిత్స నిచ్చి, ఫలితములను సరిపోల్చవలెను. 1948 లో బ్రిటిషు వైద్య పరిశోధన మండలి క్షయకు స్ట్రెప్టోమైసిన్ పనిచేయునా యని 107 మంది రోగులపై ఇట్లే పరీక్షించినది. ఆరు మాసములలో మందు పొందిన 55 మందిలో నలుగురు, విశ్రాంతి మాత్రమే పొందిన 52 మందిలో 14 మంది మరణించిరి. ఆనాడు ఆ మందు అందరికి సరిపోవునంత లేదు. ఎవరికి ఇయ్యవలెనను నిర్ణయమును పలుకుబడికి వదలక, పరీక్షకు వదలుటయే న్యాయముగా తోచినది.

నెల్లూరునకు దక్షిణముగానున్న మద్రాసులో 1956 లో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము స్థాపింపబడినది. బీదవాడల రోగులలో కొందరిని శానిటోరియమునందు, కొందరిని వారి ఇండ్లయందే ఉంచి మందులతో చికిత్స చేసిరి. ఇంటివద్ద చికిత్స పొందినవారును ఇంచుమించు అట్లే కోలుకొనిరి; వారి కుటుంబములకు అందువలన అదనపు ప్రమాదము కనబడలేదు. శానిటోరియము పడకలకై ఎదురుచూడ నక్కరలేదని తేలినది. జాగ్రత్తగా జరిపిన పరీక్ష బీదవానికి ఎట్టి మేలు చేయగలదో చూపుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము ఉండదు.

డాక్టరుకును అదే కొలత

ఈ కొలత నాటువైద్యునకు మాత్రమే వర్తించునా? కోవిడ్ కాలపు చరిత్ర చక్కని జవాబిచ్చినది. కోలుకొన్నవారి రక్తమునుండి తీసిన ప్లాస్మా రోగులను రక్షించునని 2020 లో పెద్ద పెద్ద వైద్యులు నమ్మిరి. ప్లాస్మాకొరకు రోగుల బంధువులు రాత్రింబవళ్ళు తిరిగిరి. భారత వైద్య పరిశోధన మండలి 39 ఆసుపత్రులలో 464 మంది రోగులపై దానిని పరీక్షించినది. మరణములు తగ్గలేదు. తుదకు 2021 మే 17 వ తేదీన ప్లాస్మాను జాతీయ చికిత్సా సూచనలనుండి తొలగించిరి. కృష్ణపట్నమున జనము విరుచుకుపడినది దానికి నాలుగు దినముల తరువాతనే!

హైడ్రాక్సీక్లోరోక్విన్ సంగతియు ఇంతే. ఎన్నో దేశములలో వాడిన ఆ మందు ఆసుపత్రిలో చేరిన రోగులకు ఉపకరింపదని 2020 జూన్ లో బ్రిటనులో జరిగిన పరీక్ష తేల్చినది. ఆ పరీక్షయే, చిరకాలముగా వాడుకలోనున్న చవుకయైన డెక్సామెథసోన్, కృత్రిమ శ్వాసపై నున్నవారి మరణములను సుమారు మూడవ వంతు తగ్గించునని చూపినది. ఏది పనిచేయునో, ఏది చేయదో వైద్యుని విద్యార్హతయు చెప్పలేదు, మందు ధరయు చెప్పలేదు. పోల్చి చూచుటయే చెప్పినది.

మూలికలకును ఈ మార్గము మూసియుండలేదు. చైనా శాస్త్రజ్ఞురాలు తూ యూయూ ప్రాచీన గ్రంథములోని సూచన ననుసరించి ఒక మూలికనుండి మలేరియా మందును రాబట్టినది. రోగులకు ఇచ్చుటకు ముందు 1972 లో తానును తన తోడివారును దానిని స్వయముగా తీసికొని చూచిరి. తరువాత పరీక్షలు జరిగినవి. ఆ ఆర్టెమిసినిన్ కు 2015 లో నోబెల్ బహుమతి లభించినది. మన చరకుడును ద్రవ్యముల పేర్లు ఎరిగినవానికంటె, మోతాదును కాలమును ఎరిగి యుక్తితో ప్రయోగించువాడే అధికుడని చెప్పెను. పరీక్ష కోరుట మన సంప్రదాయమునకు విరుద్ధము కాదు.

అనుమతి చెప్పినదేమి?

కృష్ణపట్నమునకు తిరిగి వత్తము. రాష్ట్ర ఆయుష్ శాఖవారు గ్రామమునకు వచ్చి మందు తయారీని చూచిరి. కేంద్ర ఆయుర్వేద పరిశోధన మండలి ఆధ్వర్యమున, మందు వాడినవారిని ఫోను ద్వారా ప్రశ్నించు పని జరిగినది. విషయము హైకోర్టునకును పోయెను. మే 31 వ తేదీన ప్రభుత్వము పి, ఎల్, ఎఫ్ మందుల పంపిణీకి అనుమతినిచ్చి, కంటి చుక్కలకు అనుమతి నిరాకరించినది. కోవిడ్ రోగులు స్వయముగా రాక బంధువులను పంపవలెననియు, డాక్టర్లు వ్రాసిన మందులను మానరాదనియు సూచించినది. కొద్ది దినములకు హైకోర్టు ఆదేశముతో కె మందునకును దారి ఏర్పడినది. జూన్ 7 న పంపిణీ మరల ఆరంభమైనది.

ఈ అనుమతి యొక్క అర్థమును పలువురు తప్పుగా గ్రహించిరి. లోనికి తీసికొను మందులవలన హాని కనబడలేదని నివేదిక చెప్పినది. అవి కోవిడ్ ను నయము చేయుననుటకు ఆధారము కలదని చెప్పలేదు. "హాని లేదు" అనుట వేరు, "మేలు చేయును" అనుట వేరు. ప్రభుత్వముద్ర పడినందున మొదటిమాట రెండవమాటగా జనుల చెవిని పడినది. వాడినవారిని ఫోనులో అడుగుటవలన తరచుగా కలుగు కీడులేవైన నున్నచో కొంత తెలియవచ్చును. వాడనివారితో సరిపోల్చనిదే గుణమును గూర్చి ఏమియు తెలియదు.

మరి ప్రాణములు పోవుచుండగా సంవత్సరముల తరబడి పరీక్షలకై ఆగవలెనా? అక్కరలేదు. 2014 లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా విజృంభించినప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ప్రశ్ననే ఎదుర్కొన్నది. నిరూపింపబడని చికిత్సలనైనను ఆపత్కాలమున ఇచ్చుట నీతివిరుద్ధము కాదని దాని నిపుణులు తీర్మానించిరి. అయితే షరతులు విధించిరి. ఉన్నసంగతి రోగికి దాపరికము లేకుండ చెప్పవలెను, సమ్మతి తీసికొనవలెను, ఫలితములను వ్రాసియుంచి లోకమునకు తెలుపవలెను. ఎవరికి ఏ దినమున ఏ మందు ఇచ్చినది, వారి స్థితి ఏమి, పదునాలుగు దినముల పిమ్మట ఏమైనది అను పట్టికయు, పోల్చి చూచుటకు మందు తీసికొనని మరియొక జట్టును కృష్ణపట్నమున ఉండియుండినచో, మందు పనిచేసినదైనచో లోకమునకు ఒక వరము దొరకియుండును. పనిచేయనిదైనచో తరువాతివారికి ఆ ప్రయాస తప్పియుండును. ప్లాస్మాను గూర్చి 464 మంది రోగులు నేర్పినంత, ఇక్కడ వేలమంది నేర్పలేకపోయిరి. ఆ రోగుల నమ్మకము వ్యర్థము కారాదు కదా!

నాణెమునకు రెండవ ప్రక్క

ఇంతవరకు చూచినది సంకల్పముండి ఆధారము లేని ఉదంతము. ఆధారముండి సమ్మతి లోపించిన ఉదంతమును మన రాష్ట్రముననే జరిగినది. 2009 లో అప్పటి ఆంధ్రప్రదేశ్ లోని ఖమ్మము జిల్లాలో మూడు మండలములందు, 10 నుండి 14 సంవత్సరముల వయసుగల సుమారు 14,000 మంది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించు హెచ్.పి.వి. టీకా వేసిరి. పాత్ అను అమెరికను సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వము కలిసి చేసిన కార్యక్రమమిది. బాలికలలో పెక్కురు గిరిజన కుటుంబములవారు, వసతిగృహములలో ఉండి చదువుకొనువారు. కొందరు బాలికలు మరణించినారన్న వార్తలపై 2010 ఏప్రిలులో కార్యక్రమము నిలిచిపోయినది.

ఆ మరణములు టీకావలన సంభవించినవి కావని విచారణ సంఘము అభిప్రాయపడినది. కాని సమ్మతిపత్రములను పరిశీలింపగా వేరొక సంగతి బయటపడినది. తల్లిదండ్రులు చేయవలసిన సంతకములను అనేకచోట్ల వసతిగృహపు వార్డెనులు, ప్రధానోపాధ్యాయులు చేసిరి. 2013 లో పార్లమెంటు స్థాయీసంఘము ఈ కార్యక్రమమును తీవ్రముగా విమర్శించినది. ఆ టీకా మంచిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని సిఫారసు చేయుచున్నది. అయినను మంచి టీకాను అడుగకుండ వేసినందున, ఆ టీకాపైననే చాలమందికి అనుమానము నాటుకొన్నది.

కృష్ణపట్నమున ప్రజలు తామై వచ్చిరి, మందు గుణము తెలియదు. ఖమ్మములో టీకా గుణము తెలియును, బిడ్డల తల్లిదండ్రులను అడుగలేదు. రెండుచోట్లను ఇచ్చినవారు మేలే కోరిరి. రెండుచోట్లను పుచ్చుకొన్నవారు బీదలు. మంచి ఉద్దేశము ఒక్కటియే చాలదనియు, ఆధారము, సమ్మతి రెండును ఉండవలెననియు ఈ ఉదంతములు బోధించుచున్నవి.

ఇది పండితుల పని మాత్రమే అనుకొనరాదు. మన దేశపు నియమముల ప్రకారము మనుష్యులపై జరుగు ప్రతి పరిశోధనను ఒక నీతి సంఘము ముందుగా పరిశీలింపవలెను. ఆ సంఘములో వైద్యులతోపాటు న్యాయము తెలిసినవారొకరు, సామాన్యుడొకరు తప్పక ఉండవలెను. పత్రములోని భాష పల్లెటూరి తల్లికి అర్థమగునా లేదాయని చెప్పగలిగినది ఆ సామాన్యుడే. మరియొక అంటువ్యాధి వచ్చినప్పుడు మరియొక మందు వచ్చుట నిశ్చయము. అది ఆసుపత్రినుండి వచ్చినను, ఊరి వేపచెట్టు క్రిందినుండి వచ్చినను, దీనిని ఎవరితో పోల్చి చూచిరి, ఫలితము ఎక్కడ వ్రాసిరి, కీడు కలిగినచో ఎవరిని అడుగవలెను అని అడుగుట రోగికి హక్కు. ఆ ప్రశ్నలకు కోపగింపక జవాబు చెప్పుట మందిచ్చువారి ధర్మము.